పొరుగుతో పోలిక: ర్యాంకు దాటి చూడాల్సిన లెక్కలు

2020 అక్టోబరులో అంతర్జాతీయ ద్రవ్యనిధి సంస్థ వేసిన ఒక అంచనా ఢిల్లీ రాజకీయాలను వేడెక్కించింది. కొవిడ్ దెబ్బకు ఆ ఏడాది భారత్ తలసరి జీడీపీ 1,877 డాలర్లకు పడిపోతుందనీ, బంగ్లాదేశ్‌ది 1,888 డాలర్లకు చేరుతుందనీ దాని సారాంశం. తేడా పదకొండు డాలర్లు. ప్రతిపక్షాలు ప్రభుత్వాన్ని నిలదీశాయి. కొనుగోలు శక్తి లెక్కన చూస్తే మనది 6,284 డాలర్లు, వాళ్లది 5,139 డాలర్లేనని ప్రభుత్వ వర్గాలు బదులిచ్చాయి. రెండు లెక్కలూ ఆ సంస్థవే, రెండూ సరైనవే. వాదం నాలుగు రోజులు నడిచి చల్లారింది. అసలు అడగాల్సిన ప్రశ్న మాత్రం ఎవరూ అడగలేదు. అప్పటిదాకా మన కంటే పేదగా ఉన్న దేశం తన పిల్లల్ని బతికించుకోవడంలో, ఆడపిల్లల్ని బడికి పంపడంలో మనల్ని ఎప్పుడో దాటేసిందే, అదెలా?

పొరుగు దేశాలతో పోల్చుకోవడం తప్పు కాదు. చాలా అవసరం కూడా. అమెరికాతోనో నార్వేతోనో పోల్చుకుంటే మనకు దొరికేది అసూయ, లేదంటే నిరాశ. వాళ్ల వనరులు వేరు, చరిత్ర వేరు. ఢాకా, ఖాట్మండు, కొలంబో అలా కాదు. అదే వర్షాకాలం, అవే పంటలు, దాదాపు అవే సామాజిక కట్టుబాట్లు, వాటిలో చాలాచోట్ల అదే వలసపాలన వారసత్వం. ఇన్ని పోలికలున్న చోట ఫలితం వేరుగా వచ్చిందంటే, ఆ తేడా ఎక్కువ భాగం విధానాల్లోంచి వచ్చిందని అనుకోవచ్చు. విధానమైతే నేర్చుకోవచ్చు, మార్చుకోవచ్చు. ఈ మేలు దక్కాలంటే ఏ కొలత ఏం చెబుతుందో, ఏం దాస్తుందో ముందు తెలియాలి. ఈ వ్యాసం ఆ కొలతలను ఒక్కొక్కటిగా పరిశీలిస్తుంది.

డాలర్ల కొలత

ఆదాయాన్ని లెక్కగట్టి పోల్చడం మనకు కొత్త కాదు. 1867-68 సంవత్సరానికి భారతీయుడి సగటు వార్షికాదాయం 20 రూపాయలని దాదాభాయ్ నౌరోజీ లెక్క తేల్చాడు. జైల్లో ఖైదీ పోషణకు అంతకంటే ఎక్కువ ఖర్చవుతోందని పాలకులకే చూపించాడు. తర్వాత వి.కె.ఆర్.వి. రావు 1931-32కి బ్రిటిష్ ఇండియా జాతీయాదాయాన్ని శాస్త్రీయంగా అంచనా వేశాడు. 1949లో ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనమిక్స్‌ను స్థాపించింది ఆయనే. అదే ఏడాది గణాంకవేత్త మహలనోబిస్ అధ్యక్షుడిగా, ఆర్థికవేత్తలు గాడ్గిల్, రావు సభ్యులుగా జాతీయాదాయ సంఘం ఏర్పడింది. దానికి సలహాదారుగా వచ్చినవారిలో ఆర్థికవేత్త సైమన్ కుజ్నెట్స్ ఒకరు. జాతీయాదాయాన్ని బట్టి ఒక జాతి సంక్షేమాన్ని తేల్చలేమని 1934లోనే అమెరికా కాంగ్రెస్‌కిచ్చిన నివేదికలో హెచ్చరించిన మనిషి ఆయన. ఆ హెచ్చరికను ప్రపంచం తొందరగానే మరిచిపోయింది.

డాలర్ల లెక్కలో రెండు పద్ధతులున్నాయి. మొదటిది మార్కెట్ మారకపు రేటు. రెండోది కొనుగోలు శక్తి. ప్రపంచబ్యాంకు సమన్వయంతో జరిగే అంతర్జాతీయ ధరల పోలిక కార్యక్రమం దేశదేశాల్లో సరుకులు, సేవల ధరలు సేకరించి ఈ రెండో రేటును తేలుస్తుంది. 2017లో బజారులో డాలరు 65 రూపాయల 12 పైసలు పలికింది. కొనుగోలు శక్తి లెక్కన 20 రూపాయల 65 పైసలే. అంటే అమెరికాలో డాలరు పెట్టి కొనేది ఇక్కడ సగటున ఇరవై రూపాయల చిల్లరకే దొరికిందన్నమాట. ఇంటి పనిమనిషి జీతం, ఆటో చార్జీ, క్షవరం ఇక్కడ చవక కాబట్టి ఇంత తేడా. అవి చవకగా ఉండటానికి కారణం ఆ పని చేసేవాళ్ల కూలి తక్కువ కావడమేనని కూడా గుర్తుంచుకోవాలి.

ఈ రెండింటిలో ఏది నిజమైనదని అడగడం వృథా. కుటుంబం ఏం తింటోంది, ఏం తొడుక్కుంటోందో తెలియాలంటే కొనుగోలు శక్తి చూడాలి. చమురు కొనాలన్నా, విదేశీ అప్పు తీర్చాలన్నా, పిల్లల్ని బయట చదివించాలన్నా మార్కెట్ రేటే దిక్కు. మొత్తం జీడీపీ పరిమాణం ఇంకో సంగతి చెబుతుంది. 2025 మేలో నీతి ఆయోగ్ ముఖ్య కార్యనిర్వహణాధికారి బి.వి.ఆర్. సుబ్రహ్మణ్యం భారత్ నాలుగు ట్రిలియన్ డాలర్ల ఆర్థిక వ్యవస్థ అయిందనీ, జపాన్‌ను దాటి నాలుగో స్థానానికి చేరిందనీ ప్రకటించారు. దేశం బరువు పెరిగిందనడానికి అది గుర్తు. పెట్టుబడులు రప్పించడంలో, అంతర్జాతీయ వేదికల మీద మాట నెగ్గించుకోవడంలో ఆ బరువు అక్కరకొస్తుంది. అదే మొత్తాన్ని 140 కోట్ల పైచిలుకు జనానికి పంచి చూస్తే జపనీయుడి సగటు మన సగటుకు పది రెట్లకు పైగా ఉంటుంది. దేశం బరువు, మనిషి బతుకు రెండు వేర్వేరు లెక్కలు. ఒకదానికి వచ్చిన మార్కులు రెండోదానికి వేసుకోకూడదు.

మనిషి కొలత

ఈ ఇరుకులోంచి దారి చూపినవాడు పాకిస్తాన్ ఆర్థికవేత్త మహబూబ్ ఉల్ హక్. 1934లో జమ్మూలో పుట్టి, 1947లో కుటుంబంతో సరిహద్దు దాటినవాడు. ఇప్పటి పాకిస్తాన్ పంజాబ్‌లోని గాహ్ గ్రామంలో పుట్టి ఇటు వచ్చిన మన్మోహన్ సింగ్, ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనమిక్స్‌లో 1963 నుంచి 1971 దాకా పాఠాలు చెప్పిన అమర్త్యసేన్, హక్ ముగ్గురూ కేంబ్రిడ్జి రోజుల స్నేహితులు. పాకిస్తాన్ ప్రణాళికా సంఘంలో ఉండగానే, దేశం వేగంగా పెరుగుతోందని లోకం మెచ్చుకుంటున్న రోజుల్లోనే, పారిశ్రామిక సంపదలో అధికభాగం 22 కుటుంబాల చేతుల్లో ఉందని 1968లో బయటపెట్టాడాయన. వృద్ధి అందరికీ అందడం లేదన్న ఆ చేదు అనుభవంలోంచే 1990లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం తొలి మానవాభివృద్ధి నివేదిక పుట్టింది. ఆయుర్దాయం, చదువు, ఆదాయం, ఈ మూడింటినీ కలిపి ఒకే అంకెగా ఇవ్వడం సేన్‌కు మొదట నచ్చలేదు. జీడీపీని గద్దె దించాలంటే అంతే సులువుగా నోటికొచ్చే మరో అంకె కావాలని హక్ పట్టుబట్టాడు. ఆయన అంచనా తప్పలేదు.

2025 నివేదిక ప్రకారం 193 దేశాల్లో భారత్‌ది 130వ స్థానం, మానవాభివృద్ధి సూచిక విలువ 0.685. బంగ్లాదేశ్‌ది కూడా సరిగ్గా అంతే. చైనా 78, శ్రీలంక 89, భూటాన్ 125 స్థానాల్లో మనకు పైన ఉన్నాయి. నేపాల్ 145, మియన్మార్ 150, పాకిస్తాన్ 168 స్థానాల్లో కింద ఉన్నాయి. 1990లో మన విలువ 0.446. అక్కడి నుంచి ఇక్కడికి రావడం చిన్న విషయం కాదు. అప్పట్లో 60 ఏళ్లు కూడా లేని సగటు ఆయుర్దాయం ఇప్పుడు 72 ఏళ్లయింది. ర్యాంకును మాత్రమే చూసేవాళ్లకు ఈ ప్రయాణం కనబడదు. మనం ముందుకు నడిచినా పక్కవాళ్లు అంతకంటే వేగంగా నడిస్తే ర్యాంకు మారదు కదా.

ఈ సూచికకూ లోపాలున్నాయి. అసమానతను కలిపి లెక్కిస్తే మన విలువలో 30.7 శాతం కోత పడుతుందని అదే నివేదిక చెబుతోంది. సగటున మనకు దక్కినట్టు కనబడే అభివృద్ధిలో దాదాపు మూడో వంతు పంపకం దగ్గరే కరిగిపోతోందన్నమాట. పైగా ఇది నెమ్మదిగా కదిలే కొలత. 2022 ఏప్రిల్‌లో శ్రీలంక విదేశీ అప్పుల చెల్లింపు ఆపేసింది. సెప్టెంబరుకు ధరల పెరుగుదల 70 శాతాన్ని తాకింది. పెట్రోలు కోసం రోజుల తరబడి బారులు తీరిన జనానికి మానవాభివృద్ధిలో తమ దేశం దక్షిణాసియాలో ముందుందన్న మాట ఏం ఊరటనిస్తుంది? చదువు, ఆయుష్షు ఏళ్ల తరబడి పోగైన ఆస్తులు. ఆ ఏటి ఆపద వాటిలో వెంటనే కనిపించదు.

బంగ్లాదేశ్ చూపిన దారి

ఈ చర్చలో అందరికంటే ఎక్కువగా చదవాల్సిన అధ్యాయం బంగ్లాదేశ్‌ది. జీన్ డ్రేజ్, అమర్త్యసేన్ 2013లో రాసిన పుస్తకం ఈ విషయాన్ని గట్టిగా ముందుకు తెచ్చింది. 1990లో రెండు దేశాల ఆయుర్దాయం దాదాపు ఒక్కటే. తర్వాతి ఇరవై ఏళ్లలో మన తలసరి ఆదాయం వాళ్లదానికి దాదాపు రెట్టింపయింది. అదే కాలంలో ఆయుర్దాయంలో వాళ్లు మనకంటే నాలుగేళ్లు ముందుకెళ్లారు. శిశు మరణాల్లో, టీకాల్లో, ఆడపిల్లల బడి హాజరులో కూడా మనల్ని దాటారు. ఇప్పటికీ వాళ్ల ఆయుర్దాయం 74 ఏళ్లు దాటింది, మనది 72 దగ్గరుంది.

కారణాలు వెతికితే ఖరీదైన ఆసుపత్రులు కనబడవు. 1971 బంగ్లాదేశ్ యుద్ధకాలంలో మన పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్ శరణార్థి శిబిరంలో కలరా విజృంభించినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, చక్కెర కలిపిన ద్రావణాన్ని నోటి ద్వారా తాగించి మరణాలను బాగా తగ్గించాడు. ఆ పాఠాన్ని బంగ్లాదేశ్ ఇంటింటికీ చేర్చింది. ఫజ్లే హసన్ అబేద్ 1972లో స్థాపించిన బ్రాక్ సంస్థ మహిళా కార్యకర్తలు 1980 నుంచి పదేళ్లపాటు కోటికి పైగా ఇళ్లకు వెళ్లి, మూడు వేళ్ల చిటికెడు ఉప్పు, పిడికెడు బెల్లం, అరసేరు నీళ్లతో ద్రావణం ఎలా చేయాలో తల్లులకు నేర్పారు. తల్లి సరిగ్గా నేర్చుకుందో లేదో చూసి, దాన్నిబట్టే కార్యకర్తకు వేతనం లెక్కగట్టారు. కుటుంబ నియంత్రణ కార్యకర్తలు గడపగడపకూ తిరిగారు. 1975 ప్రాంతంలో ఒక్కో స్త్రీకి సగటున ఆరుగురికి పైగా ఉన్న సంతానం 2011 నాటికి 2.3కి దిగింది. 1994 నుంచి గ్రామీణ ఆడపిల్లలకు హైస్కూలు చదువుకు ఉపకార వేతనాలిచ్చారు. బట్టల ఫ్యాక్టరీలు లక్షలమంది మహిళల్ని ఇంటి గడప దాటించాయి. బహిర్భూమికి బయటకు వెళ్లే అలవాటును మనకంటే చాలాముందే దాదాపు తుడిచేశారు. మన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2019-21లో కూడా మన ఇళ్లలో 19 శాతం మరుగుదొడ్డి వాడటం లేదు.

ఈ గెలుపుకు వాళ్లు చెల్లించిన మూల్యమూ చెప్పాలి. 2013 ఏప్రిల్ 24న ఢాకా దగ్గర రాణా ప్లాజా భవనం కూలి 1,100 మందికి పైగా కార్మికులు చనిపోయారు. ఆయుష్షు, చదువు పెరిగినంతగా ఉద్యోగాలు పెరగలేదు. చదువుకున్న యువత ఉద్యోగాల కోటా మీద మొదలుపెట్టిన ఆందోళన ప్రభుత్వాన్నే కూల్చింది. 2024 ఆగస్టు 5న ప్రధాని షేక్ హసీనా దేశం విడిచి వచ్చి దిగింది ఢిల్లీ పక్కనే, ఘజియాబాద్‌లోని హిండన్ వైమానిక స్థావరంలో. అదే ఏడాది డిసెంబరులో దేవప్రియ భట్టాచార్య నాయకత్వంలోని శ్వేతపత్ర సంఘం, గత ప్రభుత్వ హయాంలో వృద్ధి అంకెల్ని పెంచి చూపారని తేల్చింది. మొదట్లో చెప్పుకున్న పదకొండు డాలర్ల పోటీలో ఎంత పస ఉందో దీన్నిబట్టి అర్థమవుతుంది. అలాగని బంగ్లాదేశ్ పిల్లల ఆరోగ్యం కూడా కల్పన అనుకుంటే పొరపాటే. దానికి ఆధారం ఇళ్లకు వెళ్లి పిల్లల్ని కొలిచి చూసిన సర్వేలు. జీడీపీని కాగితం మీద పెంచడం సులువు, పసిబిడ్డ ఎత్తును పెంచి రాయడం అంత సులువు కాదు.

మిగతా పొరుగులు

శ్రీలంక పునాది ఇంకా పాతది. 1931లోనే వయోజనులందరికీ ఓటు హక్కు, 1940ల్లో విద్యామంత్రి కన్నంగర చొరవతో ఉచిత విద్య, ఊరూరా ఉచిత వైద్యం. అందుకే ఇవాళ వాళ్ల ఆయుర్దాయం 77 ఏళ్లు దాటింది. మన దేశంలో దానికి దగ్గరి పోలిక కేరళ. 2023లో దేశమంతటా పుట్టిన ప్రతి వెయ్యి మంది శిశువుల్లో 25 మంది ఏడాది నిండకుండా చనిపోతే, కేరళలో ఆ సంఖ్య ఐదు. ఖజానా నడపడంలో శ్రీలంక తప్పు చేసిందనేది నిజం. బడులు, ఆసుపత్రులు పెట్టడం వల్ల దివాలా తీసిందనేది నిజం కాదు. అవి పెట్టిన తర్వాత దశాబ్దాల పాటు ఆ దేశం నిలబడే ఉంది.

నేపాల్ కథ తక్కువగా చెప్పుకుంటాం. పర్వతాలు, పదేళ్ల అంతర్యుద్ధం, భూకంపం. అయినా 2001లో 57 శాతంగా ఉన్న, వయసుకు తగ్గ ఎత్తు లేక గిడసబారిన పిల్లల నిష్పత్తి 2022కి 25 శాతానికి దిగింది. 1988లో మొదలైన మహిళా ఆరోగ్య స్వచ్ఛంద కార్యకర్తల వ్యవస్థ, ఈనాడు దాదాపు 50 వేల మంది, అందులో పెద్ద పాత్ర పోషించింది. రెండో కారణం వలస. దేశ ఆదాయంలో దాదాపు నాలుగో వంతు బయటి నుంచి పిల్లలు పంపే డబ్బే. ఢిల్లీ హోటళ్లలో, కాలనీల కాపలా గదుల్లో ఆ ఆదాయంలో కొంత భాగం రోజూ పుడుతోంది. ఇంట్లో తిండి మెరుగైంది కానీ ఊళ్లో ఉద్యోగం పుట్టలేదు. 2025 సెప్టెంబరులో అక్కడి యువత వీధుల్లోకి వచ్చి ప్రభుత్వాన్ని దించడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి.

పాకిస్తాన్‌ది తలకిందులైన పాఠం. 1960ల నుంచి ఈ శతాబ్దం మొదటి దశకం దాకా చాలా ఏళ్లు వాళ్ల తలసరి ఆదాయం మనకంటే ఎక్కువే. ఆ ఆదాయం బడిగా, ఆసుపత్రిగా మారలేదు. 2023 జనగణనలోనూ అక్షరాస్యత 61 శాతం దగ్గరే ఆగింది. ఆయుర్దాయం 67 దాటి నడుస్తోంది. మన టీవీల్లో పోలిక అంటే పాకిస్తానే. అక్కడ గెలిచామన్న తృప్తి మనకు నేర్పేది చాలా తక్కువ.

చైనాతో పోలిక బాధపెడుతుంది, అయినా తప్పదు. 1990లో రెండు దేశాల తలసరి ఆదాయం దాదాపు సమానం. ఇవాళ మార్కెట్ లెక్కన వాళ్లది మనకు ఐదు రెట్ల దగ్గరుంది. సంస్కరణలకు ముందే వాళ్లు ఊళ్లలో ప్రాథమిక వైద్యం, బడి చదువు, ఆడవాళ్ల ఉపాధి నెలకొల్పుకున్నారు. ఫ్యాక్టరీలు వచ్చినప్పుడు వాటిలో పనిచేయగల మనుషులు సిద్ధంగా ఉన్నారు. అదే చైనాలో 1959-61 కరవులో కోట్లమంది చనిపోయిన సంగతిని ప్రపంచానికి తెలియనివ్వలేదు. ప్రశ్నించే పత్రికలు, ఎన్నికలు ఉన్నచోట అంతటి కరవు రాదని సేన్ చూపించాడు. ఏ సూచికకూ ఎక్కని ఆస్తి అది. భారత్ దాన్ని కాపాడుకోవాలి.

దక్షిణ ఢిల్లీ పిల్లల ఎత్తు

పోలికల మీద అతిపెద్ద తగాదా పిల్లల పోషణ గురించి జరిగింది. 2019-21 సర్వే ప్రకారం ఐదేళ్లలోపు భారతీయ పిల్లల్లో 35.5 శాతం వయసుకు తగ్గ ఎత్తు లేనివారు. 2022లో బంగ్లాదేశ్‌లో అది 24 శాతం. భారతీయుల ఒడ్డూపొడుగులు జన్యురీత్యానే తక్కువేమో, పాశ్చాత్య కొలత మనకెలా సరిపోతుందని అరవింద్ పనగరియా 2013లో వాదించారు. ఆయన తర్వాత నీతి ఆయోగ్ ఉపాధ్యక్షుడయ్యారు.

కొలత ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో విడుదల చేసిన ఎదుగుదల ప్రమాణాల కోసం ఆరు దేశాల పిల్లల్ని కొలిచారు. అమెరికాలోని డేవిస్, నార్వేలోని ఓస్లో, బ్రెజిల్‌లోని పెలోటాస్, ఘనాలోని అక్రా, ఒమన్‌లోని మస్కట్, ఆరోది మన దక్షిణ ఢిల్లీ. అక్కడి కలిగిన కుటుంబాల్లో తల్లిపాలు, మంచి తిండి, వైద్యం, శుభ్రమైన నీళ్లు అందిన పిల్లలు ఓస్లో పిల్లలతో దాదాపు సమానంగా ఎదిగారు. ఈ ప్రమాణంలో మన పిల్లలు కూడా ఉన్నారు. అదే ఢిల్లీలో, అన్ని ఇళ్లనూ కలిపి చూస్తే, 30.9 శాతం పిల్లలు గిడసబారి ఉన్నారు. తెలంగాణలో 33.1, ఆంధ్రప్రదేశ్‌లో 31.2. జన్యువుల వాదం పూర్తిగా కొట్టివేయదగ్గది కాకపోవచ్చు. కానీ దక్షిణ ఢిల్లీ బిడ్డకూ నగరం అంచున బస్తీలోని బిడ్డకూ మధ్య ఉన్న తేడాకు జన్యువులు జవాబు కావు. సగటు భారతీయుడి కంటే ధనవంతుడు కాని బంగ్లాదేశీయుడి బిడ్డ మన బిడ్డ కంటే మెరుగ్గా ఎదగడానికీ అవి జవాబు కావు.

ప్రపంచ ఆకలి సూచిక విషయంలో ప్రభుత్వ అభ్యంతరాల్లో కొంత న్యాయముంది. 2023లో 125 దేశాల్లో భారత్‌కు 111వ స్థానం ఇచ్చారు. పాకిస్తాన్‌కు 102, బంగ్లాదేశ్‌కు 81, నేపాల్‌కు 69. ఆ సూచికలోని నాలుగు అంశాల్లో మూడు పిల్లల ఆరోగ్యానికి చెందినవి. వాటిని మొత్తం జనాభా ఆకలిగా చెప్పడం సరికాదన్న మాట నిజం. అయితే పేరు తప్పయినంత మాత్రాన పిల్లల పరిస్థితి ఒప్పయిపోదు. ర్యాంకును తోసిపుచ్చవచ్చు, అందులోని బక్కచిక్కిన పిల్లల శాతాన్ని తోసిపుచ్చకూడదు.

సగటు దాచేది

దేశాల సగటుల్ని పక్కపక్కన పెట్టేటప్పుడు ఆ సగటు లోపల ఎన్ని దేశాలున్నాయో అడగాలి. అందుకు జాతీయ రాజధాని ప్రాంతాన్ని మించిన ఉదాహరణ లేదు. 2023-24లో ఢిల్లీ తలసరి ఆదాయం దాదాపు 4.6 లక్షల రూపాయలు. దేశ సగటు సుమారు 1.85 లక్షలు. యమున దాటితే వచ్చే ఉత్తరప్రదేశ్‌ది దేశ సగటులో సగానికి దగ్గరగా ఉంటుంది. అయినా నోయిడా ఉన్న గౌతమ్ బుద్ధ నగర్ ఆ రాష్ట్రంలోకెల్లా సంపన్న జిల్లా. ఇంకా తూర్పుకు వెళితే బిహార్ సగటు ఆదాయం దాని సరిహద్దుకు అవతలున్న నేపాల్ సగటు కంటే తక్కువ.

హర్యానాలో గురుగ్రామ్ గాజు మేడల నుంచి దక్షిణానికి గంట ప్రయాణంలో నూహ్ జిల్లా వస్తుంది. ఇదీ జాతీయ రాజధాని ప్రాంతంలో భాగమే. 2018 మార్చిలో నీతి ఆయోగ్ వెనకబడినవిగా ఎంపిక చేసిన ఆకాంక్షిత జిల్లాల తొలి ర్యాంకులు ప్రకటించినప్పుడు 101 జిల్లాల్లో చిట్టచివర ఉన్నది మేవాత్, అంటే ఈ నూహ్. ఆ జాబితాలో మొదటి స్థానంలో ఉన్నది మన విజయనగరం. దేశ రాజధానికి అంత దగ్గరగా ఉన్న ప్రాంతం ఉత్తరాంధ్రలోని వెనకబడిన జిల్లా కంటే వెనక ఉందంటే, సంపద దానంతటది పక్క ఊరికి పారదని తెలుస్తోంది. దాన్ని తీసుకెళ్లడానికి బడి, ఆసుపత్రి, రోడ్డు, నీళ్లు అనే కాలువలు తవ్వాలి.

పని జరిగిన చోట ఫలితం కనబడుతోంది కూడా. నీతి ఆయోగ్ బహుముఖ పేదరిక సూచిక ప్రకారం 2015-16లో జనాభాలో 24.85 శాతంగా ఉన్న పేదలు 2019-21కి 14.96 శాతానికి తగ్గారు. తెలంగాణలో 13.18 నుంచి 5.88కి, ఆంధ్రప్రదేశ్‌లో 11.77 నుంచి 6.06కి, ఉత్తరప్రదేశ్‌లో 37.68 నుంచి 22.93కి దిగింది. గ్యాస్ కనెక్షన్లు, మరుగుదొడ్లు, కరెంటు, బ్యాంకు ఖాతాలు పేదల ఇళ్లకు చేరిన మాట వాస్తవం. దీన్ని ఒప్పుకోనివాడు మిగిలిన లోటు గురించి మాట్లాడినా జనం నమ్మరు.

ఊపిరి లెక్క

ఆదాయంలో గానీ మానవాభివృద్ధి సూచికలో గానీ నేరుగా కనబడని కొలత గాలి. లాహోర్ నుంచి ఢిల్లీ మీదుగా ఢాకా దాకా పరుచుకున్న మైదానానికి చలికాలంలో ఒకే పొగ దుప్పటి. చికాగో విశ్వవిద్యాలయం 2025లో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రస్తుత కాలుష్యం ఇలాగే కొనసాగితే, ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణంతో పోల్చినప్పుడు ఢిల్లీవాసి సగటున ఎనిమిదేళ్లకు పైగా ఆయుష్షు పోగొట్టుకుంటాడు. తలసరి ఆదాయంలో దేశానికి రెండున్నర రెట్లున్న నగరం తన పిల్లలకు ఇస్తున్న గాలి ఇది.

ఇక్కడ ప్రమాణాల పోలిక కూడా చూడాలి. సూక్ష్మ ధూళికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన వార్షిక హద్దు ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు. మనం పెట్టుకున్నది 40. పాకిస్తాన్ కాగితం మీద 15 రాసుకుంది. బంగ్లాదేశ్ 15గా ఉన్నదాన్ని 2022లో 35కు సడలించింది. లాహోర్ గాలి ఢిల్లీ గాలి కంటే మెరుగేమీ కాదు. ఢిల్లీ మన సొంత హద్దుకే రెట్టింపులో ఉంది. కఠినమైన చట్టం రాసుకున్నంత మాత్రాన ఫలితం వచ్చినట్టు కాదు. దేశాల్ని పోల్చేటప్పుడు చట్టాల్ని కాక ఊపిరితిత్తుల్ని పోల్చాలి.

లెక్క మీద నమ్మకం

ఇన్ని పోలికలూ నిలబడేది అంకెల మీద. అక్కడే మనకు పెద్ద లోటు ఏర్పడింది. 2011 తర్వాత జనగణన జరగలేదు. 2021లో జరగాల్సింది వాయిదా పడుతూ వచ్చి, 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా పెట్టుకుంది. 2017-18 వినియోగ వ్యయ సర్వే ఫలితాలను ప్రభుత్వం 2019లో పక్కన పెట్టేసింది. దాంతో పదేళ్లకు పైగా దేశంలో పేదరికం ఎంతో అధికారికంగా చెప్పే ఆధారం లేకుండా పోయింది. 2022-23 సర్వే వచ్చాకే ప్రపంచబ్యాంకు కొత్త అంచనా ఇవ్వగలిగింది. రోజుకు 3 డాలర్ల కొనుగోలు శక్తి గీత ప్రకారం 2011-12లో 27.1 శాతంగా ఉన్న పేదలు 5.3 శాతానికి తగ్గారని అది చెప్పింది. మంచి వార్తే. అయితే కొత్త సర్వేలో ప్రశ్నల పద్ధతి మారింది కాబట్టి పాతదానితో నేరుగా పోల్చడంపై ఆర్థికవేత్తల్లో భిన్నాభిప్రాయాలున్నాయి. పాత సర్వేను దాచకుండా ఉంటే ఈ మంచి వార్తను నమ్మడం ఇంకా తేలికయ్యేది.

నిర్వచనాలు మారితే అంకెలు ఎంత మారతాయో నేపాల్ చూపించింది. సొంతింటి అవసరానికి చేసే సేద్యాన్ని ఉద్యోగంగా లెక్కించని కొత్త అంతర్జాతీయ పద్ధతిని అది 2017-18 సర్వేలో పాటించింది. మహిళల శ్రామిక భాగస్వామ్యం 26 శాతానికి పరిమితమైంది. మన దేశంలో అదే భాగస్వామ్యం 2017-18లో 23.3 శాతం, 2023-24లో 41.7 శాతం. మన సర్వే ఇంటి పొలంలో, ఇంటి దుకాణంలో జీతం లేకుండా చేసే పనినీ కలుపుతుంది. కాబట్టి ఈ రెండు దేశాల అంకెల్ని పక్కపక్కన పెట్టి ఎవరు ముందున్నారని అడిగితే జవాబు తప్పే వస్తుంది.

భారత్, బంగ్లాదేశ్, నేపాల్, పాకిస్తాన్ కుటుంబ ఆరోగ్య సర్వేలు దాదాపు ఒకే ప్రశ్నపత్రంతో నడిచేవి కాబట్టే ఇంతకాలం పిల్లల ఎత్తును, టీకాల్ని నిక్కచ్చిగా పోల్చగలిగాం. ఆ ఉమ్మడి పద్ధతికి సాంకేతిక వెన్నెముకగా ఉన్న అంతర్జాతీయ కార్యక్రమానికి 2025 ఫిబ్రవరిలో అమెరికా నిధులు ఆపేసింది. మన సర్వేను మన ప్రభుత్వమే నడుపుతుంది కాబట్టి అది ఆగకపోవచ్చు. పొరుగువారితో పోల్చే వీలు మాత్రం సన్నగిల్లే ప్రమాదం ఉంది.

ఎలా పోల్చాలి

ఈ సమీక్షలోంచి నాలుగు సూత్రాలు తేలుతున్నాయి. ఒకటి, ఒకే ఏటి ర్యాంకును కాక ఇరవై, ముప్పై ఏళ్ల దారిని పోల్చాలి. రెండు, ఒకే ఆదాయస్థాయిలో ఉన్నప్పుడు ఎవరు ఏం సాధించారో చూడాలి. నేపాల్ మన ఆదాయంలో సగంతోనే పిల్లల ఎత్తులో మనల్ని ఎలా దాటిందన్నది జపాన్‌ను జీడీపీలో దాటామా లేదా అన్నదాని కంటే ఉపయోగపడే ప్రశ్న. మూడు, సగటుతో పాటు అట్టడుగు జిల్లాను, అట్టడుగు ఇంటిని కూడా చూడాలి. నాలుగు, పోలిక మనకు అనుకూలంగా ఉన్నా లేకున్నా ఒకే కొలతను చివరిదాకా వాడాలి. గెలిచిన రోజు మార్కెట్ రేటు, ఓడిన రోజు కొనుగోలు శక్తి అనే పద్ధతి మనల్ని మనం మోసగించుకోవడమే.

పొరుగు దేశాల అనుభవంలో మళ్లీ మళ్లీ కనబడేది ఒక్కటే. ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్త, ఆడపిల్ల హైస్కూలు చదువు, శుభ్రమైన నీళ్లు, మరుగుదొడ్డి. ఇవేవీ ధనిక దేశాలకే సాధ్యమయ్యేవి కావు. మన ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ టీచర్లు ఇదే పని చేస్తున్నారు. వాళ్లను ఇప్పటికీ స్వచ్ఛంద సేవకులుగా, గౌరవ వేతనం మీద నెట్టుకొస్తున్నాం. ఢాకా, ఖాట్మండు నుంచి నేర్చుకోవాల్సింది మొట్టమొదట వాళ్లకు ఇవ్వాల్సిన గౌరవం, జీతం, శిక్షణ.

రెండో పని లెక్కలది. సార్క్ దేశాల ఉమ్మడి విశ్వవిద్యాలయం దక్షిణ ఢిల్లీలోని మైదాన్ గఢీలో ఉంది. 2014 ఖాట్మండు సమావేశం తర్వాత సార్క్ శిఖరాగ్ర సమావేశం మళ్లీ జరగలేదు, కానీ ఎనిమిది దేశాల విద్యార్థులు ఒకే తరగతిలో కూర్చునేందుకు ఆ ప్రాంగణం ఉంది. దక్షిణాసియా దేశాలన్నీ ఒకే ప్రశ్నపత్రంతో, ఒకే ఏడాదిలో, తమ పిల్లల ఎత్తును, తల్లుల రక్తహీనతను, బడిపిల్లల చదివే శక్తిని కొలిచి, ఫలితాల్ని ఏ ప్రభుత్వ అనుమతి కోసమూ ఆగకుండా ప్రచురించే ఏర్పాటుకు భారత్ ఇక్కడి నుంచే చొరవ చూపవచ్చు. ఖర్చు పెద్దది కాదు. ఈ ప్రాంతంలో అతిపెద్ద దేశంగా, లోతైన గణాంక సంప్రదాయం ఉన్న దేశంగా ఆ బాధ్యత మనదే. అలాంటి లెక్కలో మనం వెనకబడి ఉంటే అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఆ లెక్క తెలిసీ బిడ్డ ఎదగకుండా వదిలేస్తేనే సిగ్గు.